కోవెంట్రీలో పుట్టిన కుర్రాడు

పోయినవారం కథ ఆగేసరికి నళిని తన వంటింట్లో నిలబడి ఉంది. ఒక చేతిలో మందు అద్దిన దూది, ఇంకో చేతిలో రాజ్ ఎడమ అరచెయ్యి. అట్లాంటాకి ఉత్తరాన, 1986 నాటికింకా గుర్రాల ఫారాలు మిగిలి ఉన్న అల్ఫారెట్టాలో ఆవిడ ఇల్లు. టెన్నిస్ టోర్నమెంటు ఆడడానికి వచ్చే ఆటగాళ్ళకి ఊళ్ళోవాళ్ళ ఇళ్ళలో బస ఏర్పాటు చేయడం అక్కడి నిర్వాహకుల పద్ధతి. ఇంగ్లండు ఆటగాళ్ళ జాబితాలో తెలుగు పేరు కనబడగానే నళినీ, ఆవిడ భర్త దామోదరూ ఆ కుర్రాడు రాజ్‌ని మా ఇంటికే పంపమని అడిగి తెచ్చుకున్నారు.

ఆరు రోజుల్లో రాజ్ తనకంటే పైనున్న నలుగురిని ఓడించి సెమీఫైనల్‌కి వచ్చాడు. రాకెట్ పిడి ఒరుసుకుని చిటికెనవేలి మొదట్లో చర్మం లేచిపోయింది. కట్టు కడుతూ నళిని అక్కడ కందిగింజంత కండ చూసింది. పుట్టుకతో వచ్చిన ఆరోవేలిని పట్టుదారంతో బిగించి రాల్చేస్తే మిగిలే గుర్తు అది. ఎవరు తీశారని అడిగితే, “కాకినాడలో ఒక లేడీ డాక్టర్ అంట ఆంటీ, నేను పుట్టిన రెండో రోజు,” అన్నాడు రాజ్ మామూలుగా.

ఆ దారం కట్టింది నళినే. కాకినాడలో హౌస్ సర్జన్‌గా ఉన్న రోజుల్లో, ఆరోవేలు అదృష్టమండీ, ఉంచెయ్యండి అని ఏడ్చిన ఇరవై ఏళ్ళ తల్లినీ, తీసెయ్యాల్సిందేనని పట్టుబట్టిన అత్తగారినీ ఆవిడ మరిచిపోలేదు. అది 1966 ఏప్రిల్. మరుసటి ఏడాది జూన్‌లో నళిని దేశం వదిలి వచ్చేసింది. కానీ ఫ్రిజ్ తలుపుకి దామోదర్ అంటించిన లండన్ పత్రిక కత్తిరింపులో, రాజ్ 1968 నవంబరులో కోవెంట్రీలో పుట్టాడని స్పష్టంగా అచ్చయి ఉంది.

శనివారం తెల్లవారింది. సెమీఫైనల్ మధ్యాహ్నం రెండింటికి. రాజ్ తల్లిదండ్రులు ముందురోజు సాయంత్రమే ఇంగ్లండు నుంచి దిగారు. తండ్రి రాధాకృష్ణ కార్ల ఫ్యాక్టరీలో ఫోర్‌మన్. మాట తక్కువ, చూపు ఎక్కువ. పొద్దున ఎనిమిదింటికల్లా కొడుకుని వెంటబెట్టుకుని ప్రాక్టీసుకి బయల్దేరాడు. దామోదర్ వాళ్ళని కారులో తీసుకెళ్ళాడు. ఇంట్లో ఆడవాళ్ళిద్దరూ మిగిలారు.

రాజ్ తల్లి రాధారాణి వంటింటి పక్కన ఇస్త్రీ బల్ల వేసుకుని కొడుకు తెల్ల చొక్కాలు ఇస్త్రీ చేస్తోంది. వచ్చిన దగ్గర్నుంచీ ఆవిడ నళిని ముఖంలోకి సూటిగా చూడలేదు. ప్రయాణపు బడలిక అనుకుంది నళిని. ఇప్పుడు ఆ వంచిన తలా, పాపిడి పక్కన పుట్టుమచ్చా చూస్తూంటే కాకినాడ వార్డులో మూడో మంచం కళ్ళకి కట్టింది.

కాన్పుల డాక్టరుగా ఇరవై ఏళ్ళు పనిచేసిన మనిషికి డొంకతిరుగుడు చేతకాదు. కాఫీ కప్పు పక్కన పెట్టి నళిని అడిగేసింది.

“రాధారాణి గారూ, మీ అబ్బాయి ఆరోవేలికి దారం కట్టింది నేనే. మీకు గుర్తుందా?”

ఇస్త్రీపెట్టె ఉన్నచోటే ఆగింది. రాధారాణి బుకాయించలేదు. తల కూడా ఎత్తలేదు.

“నిన్న గుమ్మంలో మిమ్మల్ని చూడగానే పోల్చుకున్నానండి. మీరు నన్ను పోల్చుకోకుండా ఉంటే చాలని అప్పట్నుంచి దేవుడికి దండాలు పెట్టుకుంటున్నాను.”

చొక్కా మాడిన వాసన వచ్చింది. నళిని గబుక్కున వెళ్ళి ప్లగ్గు లాగేసింది. తెల్లటి గుడ్డ మీద గోధుమరంగు మచ్చ పడింది.

నళినికి అప్పటికి ఒక ఊహ ఉంది. బడిలో వేసేటప్పుడు పిల్లల వయసు రెండేళ్ళు తగ్గించి రాయించడం ఆ రోజుల్లో మన ఇళ్ళల్లో మామూలే. తన అన్నకి రెండు పుట్టినతేదీలున్నాయి. రాధాకృష్ణ కూడా కొడుకుని జూనియర్ పోటీల్లో గెలిపించడానికి అలాంటి పనే చేసి ఉంటాడనుకుంది. అది తప్పే. పదహారేళ్ళలోపు పిల్లల పోటీలో పద్దెనిమిదేళ్ళవాణ్ణి దించడం చిన్న తప్పు కాదు. అయినా అర్థం చేసుకోగలిగిన తప్పు. అదే మాట, నొప్పించకుండా, రాధారాణితో అంది. కుర్రాడికి ఇప్పుడు ఇరవై నిండాయి కదా, పేపర్లో పదిహేడని ఎందుకు రాయించారు, కాకినాడ బిడ్డని కోవెంట్రీలో పుట్టాడని ఎందుకు చెప్పారు అని అడిగింది.

రాధారాణి మాడిన చొక్కాని మడత పెట్టడం మొదలుపెట్టింది. నాలుగు మడతలు వేసి, దాని మీద చెయ్యి ఆన్చి, అప్పుడు చెప్పింది.

“పేపర్లో రాసింది అబద్ధం కాదండి. రాజ్ కోవెంట్రీలోనే పుట్టాడు. అరవై ఎనిమిది నవంబరు తొమ్మిదిన. కానీ వీడు రాజ్ కాదు.”

నళినికి ముందు ఆ మాటలు అర్థం కాలేదు. అర్థమయ్యాక నమ్మబుద్ధి కాలేదు. చేత్తో తడుముకుంటూ కుర్చీ లాక్కుని కూర్చుంది.

రాధారాణి నిలబడే చెప్పింది. ఏడవకుండా చెప్పింది. ఎన్నోసార్లు తనలో తను చెప్పుకుని అరగదీసిన మాటల్లా ఉన్నాయవి. మీ చేతుల్లో పుట్టినవాడు శ్యామ్‌సుందర్. వాడికి రెండేళ్ళు నిండకుండానే నేను గర్భంతో కోవెంట్రీకి, సెలవుకి వచ్చి వెళ్ళిన భర్త దగ్గరికి వెళ్ళాల్సి వచ్చింది. పిల్లాణ్ణి తర్వాత తీసుకెళ్ళమని అత్తగారు తన దగ్గరే ఉంచుకుంది. ఆ ఏడాది నవంబరులో అక్కడ రాజ్ పుట్టాడు. శ్యామ్‌ని తెచ్చుకుందామని దరఖాస్తు పెడితే అనుమతి కాగితం రాలేదు. ఏడాది గడిచింది, ఇంకో ఏడాది గడిచింది. డెబ్భై ఒకటిలో అన్నదమ్ములిద్దర్నీ కనీసం ఒకచోట చూసుకుందామని రాజ్‌ని ఎత్తుకుని కాకినాడ వెళ్ళాం. వెళ్ళిన పన్నెండో రోజున రాజ్‌కి జ్వరం తగిలింది. మూడు రోజులే ఉంది.

“రెండున్నరేళ్ళ పిల్లాడండి. ఏరు దాటించి పూడ్చిపెట్టి వచ్చారు. ఎక్కడా రాయించలేదు. రాయించొద్దని మా ఆయనే అన్నారు.”

“ఎందుకని?”

“రాయిస్తే వీడు రాలేడు కదండీ.”

ఆ రోజుల్లో పసిపిల్లలకి విడిగా పాస్‌పోర్టు ఉండేది కాదు. తల్లి పాస్‌పోర్టులోనే ఒక పేజీలో పేరూ, పుట్టినతేదీ రాసేవాళ్ళు. ఫోటో ఉండేది కాదు. రాధారాణి పాస్‌పోర్టులో రాజ్ అనే రెండున్నరేళ్ళ పిల్లాడున్నాడు. ఆవిడ చెయ్యి పట్టుకుని శ్యామ్ అనే ఐదేళ్ళ పిల్లాడున్నాడు. లండన్‌లో దిగేటప్పుడు రాధాకృష్ణ వాణ్ణి శాలువాలో చుట్టి భుజాన పడుకోబెట్టుకున్నాడు. నిద్ర నటించమన్నాడు. పిల్లాడు నిజంగానే నిద్రపోయాడు. ఆఫీసరు పేజీ చూశాడు, శాలువాలోంచి వేలాడుతున్న పొడుగాటి కాళ్ళు చూశాడు, ముద్ర కొట్టి పంపేశాడు.

నళిని వృత్తిలో చావుకబుర్లు కొత్త కాదు. ఎన్నో కుటుంబాలకి తన నోటితోనే చెప్పింది. అయినా ఇలాంటిది ఎప్పుడూ వినలేదు. ఒక పసివాడు చచ్చిపోయాడని లోకంలో ఏ కాగితమూ చెప్పదు. కాగితాల ప్రకారం వాడు బతికే ఉన్నాడు, బళ్ళో చదివాడు, టెన్నిస్ నేర్చుకున్నాడు, ఈ మధ్యాహ్నం సెమీఫైనల్ ఆడబోతున్నాడు. బతికున్నవాడు మాత్రం పదిహేనేళ్ళ కిందటే కాకినాడలో ఎక్కడో మాయమైపోయాడు.

“ప్రతి నవంబరు తొమ్మిదికీ కేకు చేస్తానండి,” అంది రాధారాణి. “వీడు కొవ్వొత్తులు ఊదుతాడు. నేను చప్పట్లు కొడతాను. ఆ రోజు పుట్టినవాడు ఎక్కడున్నాడో నాకు తెలుసు.”

టెన్నిస్ ఎవరూ అనుకుని మొదలుపెట్టింది కాదట. ఇంటి ముందు పార్కులో కోర్టుంటే పిల్లాడు అక్కడ ఆడుకునేవాడు. ఎవరో మేష్టారు చూసి పోటీలకి పంపాడు. పన్నెండేళ్ళలోపు పిల్లల పోటీలో మొదటి ఆటకే ఎదుటి పిల్లాణ్ణి ఒక్క గేమూ ఇవ్వకుండా ఓడించాడు. ఆ పిల్లాడి తల్లి వచ్చి రాధారాణి చెయ్యి పట్టుకుని, మీ బాబు వయసుకి మించి ఎదిగాడండీ, ఏం పెడతారు అని నవ్వుతూ అడిగింది. అప్పట్నుంచీ ఏ తల్లి ఎదురొచ్చినా రాధారాణి తల తిప్పుకుని వెళ్ళిపోయేది.

“వీడు ఓడిపోతే చాలు, ఈ ఆట వదిలేస్తే చాలని మొక్కుకున్నానండి. మొక్కినకొద్దీ గెలిచాడు. ఇంతింత ఫోటోలు వేసి, బ్రిటన్ ఆశాజ్యోతి అని రాశారు. ఇంక ఎవరితో చెప్పను?”

“శ్యామ్‌కి ఇదంతా తెలుసా?” ఆ పేరు తన నోట రావడం నళినికే వింతగా ఉంది.

“తెలీదండి. వచ్చిన కొత్తలో శ్యామూ అంటే పలికేవాడు. బళ్ళో కూడా అలా పలికితే కొంపలు మునుగుతాయని...” రాధారాణి మడత పెట్టిన చొక్కాని విప్పి మళ్ళీ మడిచింది. “పలికినప్పుడల్లా నేనే చెంప మీద కొట్టాను. నాలుగైదు నెలలకి మానేశాడు. ఇప్పుడేమీ గుర్తులేదు.”

నళిని లేచి సింకు దగ్గరికి వెళ్ళి నీళ్ళు తాగింది. కోపం వచ్చింది, కానీ అది ఎవరి మీదికి పంపాలో తెలియలేదు. బిడ్డని దూరంగా వదిలి ఉండలేని తల్లి మీదనా? కొడుకుని తెచ్చుకోవడానికి ఇంకో కొడుకు చావుని దాచిన తండ్రి మీదనా? ఈ పోటీ అయ్యేదాకా ఎవరితోనూ అనొద్దని రాధారాణి చేతులు పట్టుకుంది. నళిని ఆ చేతులు విడిపించుకోలేదు, మాట కూడా ఇవ్వలేదు. ముందు ఆ అబ్బాయి ఆట కానివ్వండి, తర్వాత అతనితో మీరే చెప్పాలి, మీరు చెప్పకపోతే నేను చెప్పకుండా ఉండలేను అంది. రాధారాణి తలూపింది. మంచి చొక్కాలు మూడు సంచిలో పెట్టుకుని ఇద్దరూ స్టేడియానికి బయల్దేరారు.

ఎండ తొంభై ఆరు డిగ్రీల ఫారెన్‌హీట్. ఐదు వేలమంది పట్టే స్టాండ్లు నిండిపోయాయి. దామోదర్ ముందే వచ్చి సీట్లు పట్టి ఉంచాడు. రాధాకృష్ణ పక్కన బ్రిటన్ టెన్నిస్ సంఘం తరఫున వచ్చిన తెల్లమీసాల పెద్దమనిషి ఒకాయన గడ్డి టోపీ పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. దేశాల మధ్య జరిగే డేవిస్ కప్ పోటీలో ఆడే బ్రిటన్ జట్టులోకి రాజ్‌ని తీసుకుంటున్నట్టు రాసిన ఉత్తరం ఆయన కోటు జేబులో ఉంది. ఆట అయ్యాక తన చేత్తో ఇవ్వాలని ఇంతదూరం వచ్చాడు.

చెడ్డ మనిషి కాడాయన. నళినిని పలకరించి మరీ తన గోడు చెప్పుకున్నాడు. వింబుల్డన్‌లో మగవాళ్ళ కప్పు మా దేశంవాడు ఎత్తి ఈ ఏడాదికి సరిగ్గా యాభై ఏళ్ళు. పోటీ మాది, గడ్డి మాది, కప్పు మాత్రం ఎవరో పట్టుకుపోతారు. మా పిల్లలు ఏడాదిలో సగం రోజులు వానకి ఇంట్లో కూర్చుంటారు, పైకప్పు ఉన్న కోర్టులు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు, పద్దెనిమిదేళ్ళు వచ్చేసరికి ఆట మానేసి ఉద్యోగాలు చూసుకుంటారు. ఒక్క కుర్రాడు నిలబడితే చాలు, ఆ వెనకాల పదిమంది వస్తారు. ఆ ఒక్కడూ వీడేనని నా నమ్మకం అన్నాడు. తర్వాత కోర్టుకేసి చెయ్యి చూపించి, పదిహేడేళ్ళకే ఇలా ఆడుతున్నాడంటే ఇరవై ఏళ్ళకి ఎలా ఆడతాడో ఊహించండి అన్నాడు.

నళిని ఊహించనక్కర్లేదు. ఇరవై ఏళ్ళకి ఎలా ఆడతాడో కళ్ళముందే కనిపిస్తోంది.

అవతలివాడు రెండో సీడ్ అమెరికన్. బంతిని తుపాకీ గుండులా కొడతాడు. మొదటి సెట్ 6-4తో పట్టుకుపోయాడు. రెండో సెట్లో రాజ్ నిలదొక్కుకున్నాడు. ఎడమచేతివాటం సర్వీసు పక్కకి జారుతూ పోతూంటే అమెరికన్ రెండుసార్లు రాకెట్‌కి అందించలేకపోయాడు. టైబ్రేక్‌లో సెట్ రాజ్‌ది. చూస్తూ చూస్తూ నళినికి ఒక సంగతి తోచింది. చిన్నపిల్లల పోటీల్లో వీడు గెలిచినవన్నీ పరాయి పిల్లల దగ్గర లాక్కున్నవే. కానీ ఈ కోర్టులో వయసు అడిగేవాళ్ళు లేరు. ఇక్కడ ముప్ఫై ఏళ్ళవాడితోనైనా ఆడాల్సిందే. ఈ ఆరు రోజులుగా గెలిచింది మాత్రం అచ్చంగా వాడిదే. ఆ మాట వాడితో ఎవరైనా చెప్తే బావుణ్ణు అనిపించింది.

మూడో సెట్, నాలుగు నాలుగు. వల దగ్గరే పడిన బంతికోసం రాజ్ ముందుకి దూకాడు. అందుకున్నాడు, బంతి వలకి అవతల పడింది, పాయింటు వచ్చింది. కానీ అతని కాలు మడతపడింది. కుడిభుజం నేలకి కొట్టుకుని, పొర్లి, వల కింద బోర్లా పడిపోయాడు. కదల్లేదు. ఐదు వేలమంది ఒక్కసారిగా ఊపిరి బిగపట్టారు.

ఆ నిశ్శబ్దంలో రాధారాణి లేచి నిలబడింది.

“శ్యామూ!”

ఆ కేక కోర్టు చివరిదాకా వినబడింది. రాధాకృష్ణ ఆవిడ మణికట్టు పట్టుకుని కిందికి లాగాడు. అతని ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబోయింది. ఆవిడ ఏమన్నదని తెల్లమీసాలాయన కంగారుగా అడిగితే, దేవుణ్ణి తలుచుకుంది, అది మా కృష్ణుడి పేరు అని రాధాకృష్ణ తడుముకోకుండా చెప్పాడు. ఆయన గౌరవంగా తలూపి టోపీ సర్దుకున్నాడు.

నళిని వాళ్ళని చూడడంలేదు. కోర్టులోకే చూస్తోంది. పడిపోయిన కుర్రాడు తల ఎత్తాడు. అంపైర్ వైపు తిరగలేదు, దెబ్బ తగిలిన భుజం చూసుకోలేదు. ఆ పిలుపు వచ్చిన వైపుకి, జనంలో వెతుక్కోకుండా, నేరుగా తల్లి వైపు తిరిగాడు. ఎవరి పేరో విన్నవాడు అలా తిరగడు. ఏమీ గుర్తులేదని పొద్దున రాధారాణి ఎంత నమ్మకంగా చెప్పింది. కాకినాడలో పుట్టానని కట్టు కట్టించుకుంటూ వాడే తనతో అన్నాడని అప్పుడు తట్టింది నళినికి. అది నోరుజారి అన్న మాట కాదేమో. డాక్టరుకి వినబడాలని అన్నాడేమో.

రాజ్ లేచాడు. దుమ్ము దులుపుకున్నాడు. తర్వాతి రెండు గేములూ ఎనిమిది నిమిషాల్లో ముగించాడు. చివరి పాయింటు సర్వీసుతోనే వచ్చింది, అమెరికన్ రాకెట్ కదపలేదు. స్టాండ్లలో ఎక్కడో ఇంగ్లండు జెండా పైకి లేచింది. తెల్లమీసాలాయన కళ్ళు తుడుచుకున్నాడు, జేబులోంచి కవరు బయటికి తీశాడు. రాధారాణి మాత్రం కూర్చున్నచోటే చేతులు ఒళ్ళో పెట్టుకుని ఉండిపోయింది.

కోర్టు మధ్యకి మైకు తెచ్చారు. వ్యాఖ్యాత గొంతు చించుకుని ప్రకటించాడు. పదిహేడేళ్ళ కుర్రాడు, కోవెంట్రీలో పుట్టినవాడు, యాభై ఏళ్ళుగా బ్రిటన్ ఎదురుచూస్తున్నవాడు రేపు ఫైనల్లో ఆడబోతున్నాడని. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. రాజ్ కట్టు కట్టిన ఎడమచేత్తో మైకు అందుకున్నాడు. ముందు ఓడినవాడికి కృతజ్ఞతలు చెప్పాడు. ఆశ్రయం ఇచ్చిన ఇంటివాళ్ళకి చెప్పాడు. తర్వాత కొంచెం ఆగి, ఇంగ్లీషులోనే, నెమ్మదిగా అన్నాడు.

“ఇప్పుడు నా గురించి రెండు సంగతులు చెప్పారు. ఎక్కడ పుట్టానో, నాకు ఎన్నేళ్ళో. ఆ రెండూ నావి కావు.”

జోకనుకుని జనం నవ్వారు. అతను నవ్వలేదు. నవ్వులు అణిగేదాకా నిలబడ్డాడు. అప్పుడు తల్లి కూర్చున్న వరస వైపు తిరిగి, ఇంగ్లండు యాస కలిసిన తెలుగులో, మైకులోనే అడిగాడు.

“అమ్మా, నువ్వు చెప్తావా, నేను చెప్పనా?”

స్టేడియం అంతా మారుమోగిన ఆ మాట అర్థమైనవాళ్ళు స్టాండ్లలో నలుగురే. రాధారాణి లేచి నిలబడింది. దామోదర్ ఏమీ తోచక భార్య ముఖంలోకి చూశాడు. వాళ్ళ పక్కన రాధాకృష్ణ సీటు అప్పటికే ఖాళీగా ఉంది. అతను రెండేసి మెట్లు దిగుతూ, అడ్డొచ్చినవాళ్ళని తోసుకుంటూ కోర్టువైపు పరుగెడుతున్నాడు.